గునపం పట్టిన చేతికి పూచీ ఎవరిది?

(తోటపని కాంట్రాక్టులు, బీమా ఎంపికపై శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



బీమా అనగానే మనకు గుర్తొచ్చేది చావు, నామినీ, బ్యాంకు ఖాతాలో పడే కోత. అది ఏజెంట్లు మాట్లాడే విషయం, హక్కుల కోసం పనిచేసే మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. అది మనకెందుకో చెప్పడానికే ఈరోజు నిలబడ్డాను.

నేను మాట్లాడేది ఒక ప్రత్యేకమైన పని గురించి. మొక్కల నర్సరీ పెట్టడం, పార్కులూ కంపెనీల ఆవరణలూ తోటలుగా తయారుచేసి ఏడాది పొడవునా నిర్వహించడం. పైడిభీమవరం పారిశ్రామికవాడలోని ఫ్యాక్టరీల దగ్గర్నుంచి మునిసిపాలిటీల పార్కుల దాకా, జాతీయ రహదారి మధ్యలోని మొక్కల దాకా ఈ పని ఉంది. ఫ్యాక్టరీలకిచ్చే పర్యావరణ అనుమతుల్లో పచ్చదనం పెంచాలనే షరతు ఉంటుంది కాబట్టి ఇది ఆగిపోయే పని కాదు. గోతులు తవ్వేదీ, కలుపు తీసేదీ, నీళ్ళు పోసేదీ ఎక్కువగా స్త్రీలే. కాంట్రాక్టు మాత్రం ఎవరో మేస్త్రి పేరు మీద ఉంటుంది. బిల్లు ఆయనది, కూలి మనది.

ఇప్పుడు మన సంఘాలు ఆ కాంట్రాక్టు మనమే ఎందుకు తీసుకోకూడదని అడుగుతున్నాయి. మంచి ప్రశ్న. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో 2000లో వెలుగు ప్రాజెక్టు మొదలైంది. అంతకుముందు డ్వాక్రా. ఇన్నేళ్ళ పొదుపు తర్వాత కూడా స్త్రీలు అప్పు కట్టే మనుషులుగానే మిగిలిపోకూడదు. కానీ ఒక విషయం గమనించాలి. కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన మర్నాటి నుంచి సంఘం యజమాని అవుతుంది. నిన్నటిదాకా యజమానిని నిలదీసిన మనల్ని, రేపు చెట్టు మీంచి జారిపడ్డ మనిషి కుటుంబం నిలదీస్తుంది. ఆ కుటుంబానికి ఆ హక్కుంది. అందుకని బీమా మనకు వ్యాపార ఖర్చు మాత్రమే కాదు. మనం కోరుకున్న న్యాయాన్ని మన చేతుల్లోకి వచ్చినప్పుడు మనం పాటిస్తామా లేదా అన్నదానికి అది పరీక్ష.

ఏజెంటు వస్తే మొదట అడిగేది “మీ ఆస్తి విలువెంత?” అని. షెడ్డు, మోటారు, గడ్డి కోసే యంత్రం, మొక్కలు. ఆఖరున, గుర్తుంటే, పనివాళ్ళ సంగతి. మనం ఈ వరసను తిరగేయాలి. మొదట పనిచేసే మనిషి. తర్వాత దారిన పోయే మనిషి. ఆ తర్వాతే మొక్కలు, సామాను. డబ్బు కొద్దిగానే ఉంటే ఈ వరసలోనే ఖర్చు పెట్టాలి.

ముందు పనిచేసే మనిషి సంగతి చూద్దాం.

పనిలో ఉండగా ప్రమాదం జరిగితే యజమాని నష్టపరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. పేరు మారింది గాని బాధ్యత మారలేదు. యజమాని తప్పుందని నిరూపించనక్కర్లేదు. ప్రమాదం పని కారణంగా, పని సమయంలో జరిగిందని తేలితే చాలు. ఇంటి నుంచి పనికి వచ్చే దారిలోనో, తిరిగి వెళ్ళే దారిలోనో జరిగిన ప్రమాదం కూడా, పనితో సంబంధం రుజువైతే, కొత్త కోడ్ కిందికి వస్తుంది.

లెక్క ఎలా వేస్తారో చూడండి. మనిషి చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో హెచ్చిస్తారు. 40 ఏళ్ళకు ఆ అంకె 184.17. ఒక స్త్రీకి నెలకు 9,000 రూపాయలు వస్తున్నాయనుకుందాం. సగం 4,500. హెచ్చిస్తే 8,28,765 రూపాయలు. శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే సగానికి బదులు నూటికి 60 వంతు. అప్పుడు 9,94,518 రూపాయలు. ఏ పొదుపు సంఘం పెట్టెలో ఇంత డబ్బుంటుంది? నెలలోగా ఇవ్వకపోతే నూటికి 12 చొప్పున వడ్డీ, పైన సగం దాకా జరిమానా పడవచ్చు. ఆ జరిమానాను బీమా కంపెనీ సాధారణంగా భరించదు, యజమాని నెత్తిన పడుతుంది.

ఇదే లెక్కలో ఇంకో సంగతి దాగి ఉంది. అదే తోటలో, అదే వయసు మగ మనిషికి రిజిస్టరులో 12,000 రాశారనుకోండి. అతని కుటుంబానికి వచ్చేది 11,05,020. తేడా 2,76,255 రూపాయలు. అంటే కూలిలో చూపిన వివక్ష చనిపోయాక కూడా ఆ స్త్రీ పిల్లల్ని వెంటాడుతుంది. సమాన వేతనం మనం 1976 చట్టం నాటి నుంచీ అడుగుతున్నాం. మన సంఘమే కాంట్రాక్టరైనప్పుడు మన రిజిస్టరులో ఆడ కూలి, మగ కూలి అని రెండు గళ్ళు ఉండకూడదు.

ఈ బాధ్యతకు తీసుకునే పాలసీని కంపెనీల వాళ్ళు ఇప్పటికీ ‘వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ’ అనే పిలుస్తుంటారు. మనం ఏడాదికి మొత్తం ఎంత కూలి ఇస్తామో, ఏ పని చేయిస్తామో, దాన్ని బట్టి ప్రీమియం ఉంటుంది. ప్రీమియం తగ్గుతుందని కూలి తక్కువ చేసి చూపించమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. వినకండి. ప్రమాదం జరిగాక ఆ తక్కువ అంకెనే మన ముందు పెడతారు. అలాగే పని పేరు ‘తోట పని’ అని రాసి ఊరుకోకూడదు. చెట్టెక్కి కొమ్మలు కొట్టడం, మందు పిచికారీ, యంత్రంతో గడ్డి కోయడం, గోతులు తవ్వడం అన్నీ విడివిడిగా రాయించాలి. ఆసుపత్రి ఖర్చు ఈ పాలసీలో దానంతటది రాకపోవచ్చు, అదనంగా అడిగి చేర్పించుకోవాలి.

ఇక్కడ మన సంఘాలకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. జాగ్రత్తగా వినండి. ఈ పాలసీ యజమాని దగ్గర జీతానికి పనిచేసేవాళ్ళకు. పదిమంది సభ్యులు కలిసి కాంట్రాక్టు తీసుకుని, వాళ్ళే గునపాలు పట్టి, వచ్చింది పంచుకుంటే, వాళ్ళు భాగస్వాములు. చట్టం దృష్టిలో కూలీలు కారు. “మేం అందరం సమానమే” అన్న మన మంచి మాటే మనల్ని పాలసీ బయట నిలబెడుతుంది. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, సభ్యులందరికీ కలిపి గ్రూపు ప్రమాద బీమా తీసుకోవడం. రెండోది, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వంటి దాని కింద సంఘాన్ని రిజిస్టరు చేసి, సభ్యురాలు పని చేసిన రోజుకు సంఘమే కూలి రాసి ఇవ్వడం. అప్పుడు సంఘం వేరు, పనిచేసే మనిషి వేరు. ఏ దారి అయినా కాంట్రాక్టు మీద సంతకానికి ముందే తేల్చుకోవాలి.

“మాకు ఇరవై రూపాయల బీమా ఉంది కదప్పా” అంటారు మనవాళ్ళు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. 436 రూపాయల జీవన్ జ్యోతి కూడా ఉంది. 18 నుంచి 50 ఏళ్ళ లోపు చేరితే ఏ కారణంతో మరణించినా 2 లక్షలు. రెండూ తప్పకుండా ఉండాలి. కానీ అవి ఆమె సొంత డబ్బుతో ఆమె కట్టుకున్నవి. యజమాని బాధ్యతకు అవి బదులు కావు. “నీకు రెండు లక్షలు వచ్చాయి కదా, ఇంకేం” అనే హక్కు ఏ కాంట్రాక్టరుకూ లేదు. మనకూ లేదు.

తోటపనిలో పాము కాటు, చెట్టు మీంచి పడటం మామూలు ప్రమాదాలు. సురక్షా బీమాలో ఇలాంటి వాటికి వెంటనే ఆసుపత్రికి వెళ్ళిన రికార్డు కావాలి. ముందు మంత్రం, తర్వాత ఆసుపత్రి అయితే ప్రాణం పోవచ్చు, కాగితమూ ఉండదు. ఈ మాట ప్రతి సంఘంలో చెప్పండి.

పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనివాళ్ళుంటే ఈఎస్ఐ సంగతి కనుక్కోవాలి. 21,000 లోపు జీతానికి యజమాని వాటా నూటికి 3.25, పనిచేసే వాళ్ళ వాటా 0.75. ఈఎస్ఐ ఉంటే వైద్యం, ప్రసూతి సెలవు జీతం కూడా వస్తాయి. ప్రైవేటు పాలసీ ఏదీ ప్రసూతి సెలవు ఇవ్వదు. కాబట్టి ‘ఈఎస్ఐ గొడవ ఎందుకు, తొమ్మిదిమందినే చూపించండి’ అనే సలహా ఎవరి లాభానికో ఆలోచించండి.

ఇక ప్రయాణం. మొక్కలతో, ఎరువు బస్తాలతో పాటే మనుషుల్నీ ఎక్కించుకుని పోయే సరుకు బళ్ళు మన రోడ్ల మీద చూస్తూనే ఉంటాం. మోటారు వాహనాల చట్టం ప్రకారం బండికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. కానీ సరుకుల బండిలో ఊరికే ఎక్కిన మనుషులకు బీమా కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో చెప్పింది. బండికి బీమా ఉంది కదా అనుకుంటాం. బోల్తా పడ్డాకే తెలుస్తుంది అది బండికి, బయట వాళ్ళకు మాత్రమేనని. కూలీలను తీసుకెళ్ళడానికి మనుషులెక్కే బండే మాట్లాడాలి. ఆ కిరాయి కాంట్రాక్టు రేటులో కలుపుకోవాలి. మొక్కల బండిలో కూలీ వెళ్ళక తప్పకపోతే, వారి పేరున ప్రీమియం కట్టారా అని బండి పాలసీ కాగితం తెప్పించి చూడాలి.

రెండోది దారిన పోయే మనిషి. మనం కొట్టిన కొమ్మ సైకిలు మీద పోయేవాడి తల మీద పడుతుంది. గొయ్యి తవ్వుతుంటే నీళ్ళ పైపో, కరెంటు కేబులో తెగుతుంది. పిచికారీ చేసిన మందు పక్కవాళ్ళ ఆవు తిన్న గడ్డి మీద పడుతుంది. వీటికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఉంటుంది. ఇక్కడ పేరు చూసి మోసపోకండి. 1984లో భోపాల్ దుర్ఘటన తర్వాత 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్సు చట్టం వచ్చింది. అది ప్రమాదకర రసాయనాలు వాడే పరిశ్రమల కోసం. మనకు కావలసింది ఆ చట్టం కింది పాలసీ కాదు, మామూలు పనులకిచ్చేది. ఒక్కో ప్రమాదానికి ఎంత, ఏడాది మొత్తానికి ఎంత, భూమి లోపలి పైపులు కేబుళ్ళు ఇందులో ఉన్నాయా లేవా, ఈ మూడూ అడగండి.

మూడోది మొక్కలు, సామాను. ఇక్కడ మన ప్రాంతం గురించి చెప్పుకోకుండా ముందుకు పోలేం. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన ఆ తెల్లవారుజామున ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. తరాలు పెంచిన చెట్లు. మూడుసార్లూ అక్టోబరే, రెండో వారమే. దీన్ని బట్టి పాలసీ ఏ నెలలో తీసుకోవాలో తెలుస్తుంది. 1938 బీమా చట్టంలో 64విబి అనే సెక్షనుంది. ప్రీమియం ముందుగా చేతికి అందందే కంపెనీకి బాధ్యత ఉండదు. తుపాను హెచ్చరిక వచ్చాక పరుగెత్తితే కొత్త పాలసీ ఇవ్వడానికి కంపెనీ కూడా వెనకాడుతుంది. “మనకేటవుద్దిలే” అనుకుని అక్టోబరు దాకా వాయిదా వేయకూడదు. జూన్ నాటికి పాలసీ చేతిలో ఉండాలి. గడువు కూడా తుపాన్ల కాలంలో తీరిపోయేట్టు ఉండకూడదు.

చిన్న వ్యాపారాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే షరతులతో ఇచ్చే పాలసీ ఉంది. భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. ఒక చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల లోపు ఉన్నవాళ్ళకు. అగ్ని ప్రమాదం, తుపాను, వరద, భూకంపం అన్నీ ఇందులో ఉన్నాయి. షెడ్డుకు, మోటార్లకు, సామానుకు ఇది సరిపోతుంది. దొంగతనం మాత్రం అలాంటి ప్రమాదం జరిగిన 7 రోజుల్లోపు జరిగితేనే. మామూలు రోజుల్లో మోటారు పోతే దానికి వేరే పాలసీ కావాలి.

సంచుల్లోని మొక్కల సంగతి వేరు. వాటిని అమ్మకపు సరుకుగా ఈ పాలసీలో ఒప్పుకుంటారా, లేక ఉద్యాన పంటల బీమా వేరుగా తీసుకోమంటారా అన్నది కంపెనీని అడిగి కాగితం మీద జవాబు తీసుకోవాలి. ఏజెంటు నోటిమాట పనికిరాదు. కొబ్బరి చెట్టుకు చెట్టు లెక్కన బీమా చేసే పథకం 2009-10లో మొదలైంది. కానీ అది కాపుకొచ్చిన, ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు. నర్సరీలో ఉన్న కొబ్బరి మొక్కకు కాదు. మొక్క ఎండిపోవడం, తెగులు, నీరు అందకపోవడం మామూలుగా ఏ ఆస్తి పాలసీలోనూ ఉండవు. కడియం నుంచి లారీలో తెచ్చుకునే మొక్కలకు దారిలో నష్టం జరిగితే ఎవరిది అన్నది కూడా కొనేటప్పుడే రాయించుకోవాలి. ఎండ తగలకుండా వేసే వలపందిళ్ళు పాలసీలో విడిగా రాయించాలి, ‘షెడ్డు’ అనే మాటలో కలిపేయకూడదు.

విలువ తగ్గించి రాయడం ఇక్కడా దెబ్బే. 4 లక్షల సామానుకు 2 లక్షలకే బీమా చేశామనుకోండి. లక్ష నష్టం జరిగితే లక్ష రాదు, 50 వేలే వస్తుంది. సగానికి బీమా చేశాం కాబట్టి సగం నష్టమే ఇస్తారు. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో నూటికి 15 దాకా తేడాను పట్టించుకోరు. అంతకు మించితే కోతే.

మరో ముఖ్యమైన మాట. పాలసీ ఎవరి పేరున ఉండాలి? ఒక వస్తువు పోతే నాకు నష్టం అని చూపించగలిగిన మనిషే దానికి బీమా చేయగలరు. నర్సరీ ఉన్న నేల ఎవరో బంధువు పేరున ఉంటుంది, కౌలు నోటిమాట మీద నడుస్తుంది, మోటారు బిల్లు భర్త పేరున ఉంటుంది. అప్పుడు కష్టం మనది, క్లెయిము మాత్రం వాళ్ళది. తుపాను పరిహారాల్లో పట్టా ఎవరి పేరున ఉంటే ఆ పేరే వెతుకుతారన్నది మనకు కొత్త కాదు. కౌలు కాగితం, కొనుగోలు బిల్లు, బ్యాంకు ఖాతా, పాలసీ అన్నీ సంఘం పేరున ఒకే అక్షరాలతో ఉండాలి. భూమి హక్కు గురించి మనం మాట్లాడేటప్పుడు ఈ చిన్న కాగితాలను చిన్నచూపు చూడకూడదు.

ఇక కాంట్రాక్టు కాగితం. చాలా కంపెనీల ఒప్పందాల్లో “పనివారికి జరిగే ప్రమాదాలకు కంపెనీకి ఎటువంటి సంబంధం లేదు” అని రాసి ఉంటుంది. ఇందులో సగమే నిజం. పని ఇచ్చిన కంపెనీ నుంచి కూడా పరిహారం అడిగే వీలు గాయపడ్డ మనిషికి చట్టం ఇచ్చింది. ఆ హక్కును ఒప్పందంతో తీసేయలేరు. కానీ కంపెనీ అలా కట్టిన డబ్బును కాంట్రాక్టరు నుంచి, అంటే మన సంఘం నుంచి, రాబట్టుకోగలదు. అందువల్ల బీమా ప్రీమియాన్ని కొటేషనులో విడిగా ఒక వరసగా చూపించాలి. ‘కూలి ఇంత, మొక్కలు ఇంత, పనివాళ్ళ బీమా ఇంత.’ తక్కువ రేటు వేసినవాడికే పని దక్కే చోట మొదట తెగేది ఈ వరసే. బీమా లేని కాంట్రాక్టరు తక్కువకు చేయగలడు. ఆ తగ్గింపు పనిచేసే మనిషి ఒంటి మీంచి వచ్చింది. అందుకే పనివాళ్ళ బీమా కాగితం లేని టెండరు తీసుకోవద్దని మునిసిపాలిటీలను, కంపెనీలను మనం ఒక డిమాండుగా అడగాలి. అప్పుడే మన సంఘాలూ మిగతావాళ్ళతో సమానంగా పోటీ పడగలవు.

ప్రమాదం జరిగితే ఏం చేయాలి? ఆ రోజే కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. హాజరు పుస్తకం, కూలి చెల్లించిన రసీదు, ఆసుపత్రి కాగితాలు, అవసరమైతే పోలీసు ఫిర్యాదు జాగ్రత్త చేయాలి. తుపాను నష్టమైతే సర్వేయరు వచ్చేదాకా పడిపోయిన వాటిని ఫోటోలు తీసి ఉంచాలి. హాజరు పుస్తకం తుపానులో తడిసి పోతే పని చేసినట్టే రుజువుండదు. నెలకోసారి దాని ఫోటో ఇద్దరి ఫోన్లలో ఉండేట్టు చూసుకోండి.

కంపెనీ కాదంటే అక్కడితో ఆగిపోకూడదు. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. సూక్ష్మ సంస్థలు కూడా అక్కడికి వెళ్ళవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. లేకపోతే రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషను ఉంది. పనివాళ్ళ పరిహారం విషయంలో కార్మిక శాఖ అధికారి దగ్గర కేసు వేయాలి.

చివరగా మన కార్యకర్తలు చేయాల్సిన పని. మీ మండలంలో తోటపని కాంట్రాక్టులు ఎక్కడెక్కడ నడుస్తున్నాయో రాసుకోండి. ఆ పనిలో ఉన్న స్త్రీలను మూడు ప్రశ్నలు అడగండి. నీ పేరు హాజరు పుస్తకంలో ఉందా? నీకు దెబ్బ తగిలితే ఎవరిని అడగాలో తెలుసా? నువ్వు పనికి ఏ బండిలో వెళ్తావు? జవాబులు తీసుకుని వచ్చే సమావేశానికి రండి. మన సంఘాలు తీసుకున్న కాంట్రాక్టుల్లోనూ ఇవే ప్రశ్నలు, ఇంకా గట్టిగా అడగండి. మేస్త్రి పోయి మహిళా సంఘం వచ్చిన చోట కూలి స్త్రీ బతుకు ఏ మాత్రం మారిందో ఆ జవాబుల్లోనే తేలుతుంది.